ఆరో గది అలారం

భానుప్రియ కుర్చీలో కూర్చోలేదు. తిరుచానూరు రోడ్డులో పూలకొట్టు మీదున్న ఆ చిన్న ఆఫీసులో గోడకానుకుని నిలబడే మాట్లాడింది.

"నేను నిద్రపోలేదు మేడమ్. నా బల్లమీది తెరలో ఆక్సిజన్ తొంభయ్యారనే ఉండాది. అలారం మోగనే లేదు. నేనే ఆపేసినానని కేసు పెట్టినారు."

ఆమె తిరుపతిలోని ఓ ప్రైవేటు ఆస్పత్రిలో ఐసీయూ నర్సు. మొన్న ఉదయం ఆరో గదిలో కుప్పుస్వామి అనే నగరి నేతగాడు చనిపోయాడు.

"రోగి పక్కనే ఉన్న మానిటర్ మోగలేదా?" అడిగింది డిటెక్టివ్ ప్రసూనాంబ.

"మోగే ఉంటాది. అది అంటురోగాల గది మేడమ్. అద్దం తలుపు మూస్తే బయటికి ఏమీ వినపడదు. పదకొండూ నలభైకి మందియ్యను పోతే ఊపిరి లేదు."

"రెండో నర్సు?"

"కొత్త బిల్డింగు ప్రారంభానికి పంపించినారు."

ప్రసూనాంబ తన సహాయకుడు ఏబెల్ వైపు చూసింది. పన్నెండేళ్లు కేబుల్ పనిచేసి ఆమె దగ్గర చేరినవాడతను. ఆ చూపుకు అర్థం అతనికి తెలుసు. ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకున్నాడు.

కేసు చూస్తున్న ఎస్సై మోహన్ వెంట రావడంతో ఆస్పత్రిలో ఎవరూ అడ్డు చెప్పలేదు. నెట్‌వర్క్ చూసే మురుగేష్ రౌటర్ గది తలుపు తీశాడు.

"మానిటర్ల సమాచారమంతా దీంట్లోంచే నర్సు తెరకు పోతాది సార్. మా ఏఐ ఏజెంట్ రోజూ పొద్దున ఆరింటికి సెట్టింగులన్నీ చదివి, మేము మొదట పెట్టిన అసలు సెట్టింగులతో సరిచూసి చెప్తాది. చదవడమే, మార్చే హక్కు దానికి ఇయ్యలేదు. మొన్న, నిన్న, ఈరోజు తేడా లేదు."

ఏబెల్ తన ల్యాప్‌టాప్‌లోని ఏజెంట్‌తోనూ రౌటర్‌ను చదివించాడు. నిజమే, తేడా లేదు. అతని ముఖం వాడిపోయింది.

"ఇది ఈరోజు లెక్క," అంది ప్రసూనాంబ. "మొన్న ఆరింటికీ, నిన్న ఆరింటికీ మధ్య ఏం జరిగిందో రౌటర్ రాసుకునే ఉంటుంది. అది చదివించు."

నిమిషంలో జాబితా వచ్చింది. ఏబెల్ పైకి చదివాడు. పదకొండూ రెండుకు, ప్రధాన పాస్‌వర్డుతో ఏజెంట్ ఖాతాకు మార్చే హక్కు ఇచ్చారు. పదకొండూ నాలుగుకు ఆ ఖాతా నుంచి వచ్చిన ఆదేశంలో అక్షరం తప్పు, రౌటర్ ఒప్పుకోలేదు. పదకొండూ అయిదుకు అదే ఆదేశం సరిగా వచ్చింది. నెట్‌వర్క్‌లో మానిటర్ల సమాచారానికున్న మొదటి ప్రాధాన్యం కొత్త బిల్డింగులోని వీడియో కెమెరాకు పోయింది. పన్నెండూ పదికి అంతా యథాస్థితి.

మురుగేష్ పెదవులు తడుపుకున్నాడు. "అయితే ఆ ఏఐనే మార్చేసినట్టుండాది. దానికేం తోస్తాదో ఎవురికి తెలుసు?"

ప్రధాన పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసని ప్రసూనాంబ అడిగింది. తనకూ, మేనేజర్ ఢిల్లీబాబుకూ అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి అందరూ మీటింగు హాల్లో చేరారు. ఢిల్లీబాబు గడియారం చూసుకుంటున్నాడు. కుప్పుస్వామి భార్య భారతమ్మ తలుపు దగ్గరి కుర్చీలో ఒదిగి కూర్చుంది. మొన్న నెట్‌లో ప్రత్యక్షంగా ప్రసారమైన ప్రారంభోత్సవం వీడియోను ప్రసూనాంబ పెట్టించింది. అతిథి మాట్లాడుతుంటే బొమ్మ ఆగి ఆగి వస్తోంది. పదకొండూ అయిదు దాటగానే సాఫీ అయింది.

"ఏజెంట్ తనకు తాను హక్కు ఇచ్చుకోలేదు," అందామె. "ప్రధాన పాస్‌వర్డు మనిషి చేతిలోది. తప్పు అక్షరం కొట్టిందీ మనిషే, అలవాటు లేని మనిషి. ఏబెల్, పదకొండూ నాలుగు దగ్గర ఆపు."

తెరమీద వేదిక వెనక మురుగేష్ చెవి దగ్గర ఫోనుతో నిలబడి ఉన్నాడు. పెదవులు ఒక్కో అక్షరం పలుకుతున్నట్టు కదులుతున్నాయి. ముందు వరుసలో మేనేజర్ కుర్చీ ఖాళీగా ఉంది.

"వీడియో ఆగకుండా రావాలని, అతను చెప్తుంటే మీరు కొట్టారు, ఢిల్లీబాబు గారూ. మీ పేరు రాకుండా ఏజెంట్ ఖాతా వాడారు. నర్సు తెరలో అంకెలు నిలిచిపోయాయి. మనిషి పోయాడని తెలిశాక పన్నెండూ పదికి సరిచేసి, ఈ పిల్ల మీద ఫిర్యాదు రాశారు."

"నేను వద్దన్నాను మేడమ్," అన్నాడు మురుగేష్. "పది నిమిషాలేలే అన్నాడు. తర్వాత మరిచిపోయినాం."

ఢిల్లీబాబు తల ఎత్తలేదు. మోహన్ వెళ్లి అతని వెనక నిలబడ్డాడు. భానుప్రియ ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

భారతమ్మ లేచి, మెల్లగా నడిచి మేనేజర్ ముందుకొచ్చింది.

"నేను ఆ తలుపు బయటే కూసోనుంటిని నాయనా. పిలిచి ఒక మాట చెప్పింటే, అద్దంలోంచి చూస్తా నిలబడుకోనుందును."

ఏబెల్ లేచి తెర ఆర్పేశాడు.