వరమ్మ గోడ మీది గీత

కర్నూలులో ఉగ్గాని బండి ముందు నిలబడి జీవిత మెల్లగా అంది.

"నిమ్మకాయ రెండు చెక్కలు పిండన్నా."

"ఆదోని నుంచి నిమ్మకాయలు రాలే" అన్నాడు బండివాడు, ఆమె వైపు చూడకుండానే. గరిటెతో వెనక ఉన్న జిరాక్స్ షాపు మెట్లు చూపించాడు.

కోడ్ సరిపోయింది. జీవిత మెట్లెక్కింది.

పైగదిలో దేవేంద్రప్ప పాత జిరాక్స్ మిషన్‌కు ఇంకు పోస్తున్నాడు. ఊరివాళ్ళకు షాపు ఓనరు. గూఢచారి డిపార్ట్‌మెంటుకు సెక్షన్ చీఫ్.

"నార్త్‌గేట్. విదేశీ ముఠా" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "డ్యాముల కంప్యూటర్లలోకి దూరి గేట్లు తెరిచే రకం. ఈసారి పాపాఘ్ని నది మీద డ్యాముకు కన్నేసినారు."

"గేట్లకు కాపలా పెట్టండి సార్."

"పెట్టినాం. కానీ వాళ్ళు ముందు గంట నోరు మూయించాలని చూస్తాండారు."

గంట ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. నదిలో నీళ్ళు పెరిగితే ఒడ్డున ఉన్న ఊళ్ళలో ఫోన్లూ, చర్చి మైకులూ మోగుతాయి. దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు, బాగు చేసి మార్పులు పంపవచ్చు. రాసినవాడు కమలాపురం దగ్గర ఓ పల్లెలో ఉండే లేవి. వచ్చిన మార్పులను చూసేదీ, ఒప్పుకునేదీ కూడా అతనొక్కడే.

"ఒంటరివాడు, అలసిపోయినాడు" అన్నాడు దేవేంద్రప్ప. "నేను సాయం చేస్తానని ఎవరైనా తీయగా అడిగితే పాస్‌వర్డ్ తాళాలు చేతిలో పెడతాడు. అందుకే గంట చుట్టూ మనుషుల్ని కూడగట్టాల. అదే నీ మిషన్."

జీవిత ముఖం పాలిపోయింది. "సార్, నడిచే రైల్లోంచి దూకమంటే దూకుతా. పదిమంది ముందర మాట్లాడమంటే నాకు నోరు రాదు."

"దూకేవాళ్ళు నా దగ్గర శానామంది ఉండారమ్మా."

ఆయన ఒక పొట్లం ఇచ్చాడు. అందులో ట్రాన్స్‌మిటర్ దాచిన చెవికమ్మలు, తాళాలు తీసే జడపిన్ను ఉన్నాయి. "ముఠా లోపల మన డబుల్ ఏజెంట్ ఒకామె ఉంది. పేరు యామిని. అవసరమైనప్పుడు ఆమే వస్తుంది."

జీవిత సండే స్కూల్ కంప్యూటర్ టీచరు వేషంలో ఆ పల్లెలో దిగింది. మొదటి మీటింగుకు ఇద్దరే వచ్చారు. ఒకడు లేవి, రెండోవాడు మైకు తిరిగి తీసుకుపోవడానికి వచ్చినవాడు. రాసుకున్న ఉపన్యాసాన్ని ఆమె మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఆమె అద్దెకున్నది నది పక్క పల్లపు వీధిలో, వరమ్మ ఇంట్లో. ఓ సాయంత్రం ఎసట్లో బియ్యం పోసేముందు వరమ్మ పిడికెడు తీసి డబ్బాలో వేసింది.

"అదెందుకవ్వా?"

"చర్చికి పాపా. పూటకో పిడికెడు. ఒక్కరే మూట మోయాలంటే నడుము ఇరుగుతాది. పిడికెడు ఎవురికి బరువు?"

ఆ రాత్రి జీవిత పడుకోలేదు. మరునాడు మీటింగు పెట్టలేదు. ఇంటింటికీ పోయి, తల దించుకునే, పిడికెడు పని అడిగింది. ఎసరు కాగేలోగా ఫోన్లో ఆ రోజు మార్పును పరీక్షించాలి. గంట మోగితే 'సరే', మోగకపోతే 'కాదు' నొక్కాలి. ఐదు వీధుల నుంచి ఐదిళ్ళు ఒప్పుకున్నాయి, నాలుగు మిట్ట మీదివి, ఐదోది పల్లంలోని వరమ్మది. ఐదు 'సరే'లు పడితేనే మార్పు లోపలికి పోవాలనీ, ఒక్క 'కాదు' పడినా ఆగిపోవాలనీ లేవి రూలు పెట్టాడు. ఆ రూలును అతని తాళం కూడా దాటలేదు.

జీవిత కష్టపడి ఒక గైడ్ రాసింది. ఫోన్లో కనిపించే పరీక్ష పెట్టెలో నీటి ఎత్తు మూడడుగులని కొట్టాలని అందులో ఉంది. ఆ మాట ఎవరూ వినలేదు. పాత వరద ప్రతి ఇంటి గోడ మీదా ఒక మరక వదిలిపోయింది. దాని మీద బొగ్గుతో గీత గీసుకున్నారు. ఎవరింటి గీత ఎంత ఎత్తుంటే వాళ్ళు అంతే కొట్టేవాళ్ళు.

"నీ మూడడుగులు ఎవురింట్లోకి వచ్చినాయి పాపా?" అంది వరమ్మ, తన తలకన్నా పైనున్న గీత చూపించి. "నా గంట దీనికి మోగాల."

"గైడ్ పాటించడం లేదు సార్" అని జీవిత కర్నూలుకు రిపోర్టు పంపింది.

వానాకాలం ముదిరాక యామిని వచ్చింది. తెల్లకారు, నల్లద్దాలు, వీధి చివరిదాకా సెంటు వాసన. నిమ్మకాయల కోడ్ మాట తప్పులేకుండా చెప్పింది. గైడ్ మొత్తం చదివింది.

"ఇంత క్లీన్ డాక్యుమెంటేషన్ సింగపూర్‌లో కూడా చూడలేదు జీవితా."

జీవిత చెవులు వేడెక్కాయి. ఆమె పనిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఎర్రగుంట్లలో ఓ దాత గంటకు కొత్త సర్వర్లు ఇస్తాడని యామిని చెబితే, లేవిని వెంటబెట్టుకుని కారెక్కింది.

కారు మూతపడిన నాపరాళ్ళ ఫ్యాక్టరీ ముందు ఆగింది. ఇద్దరూ లోపలికి అడుగు పెట్టారు. వెనక షట్టరు దబ్బున పడింది.

నాలుగు పక్కలా పైకప్పు దాకా పేర్చిన బండలు. గొంతులో రాతిపొడి. వెనక తలుపు నుంచి ముందే వచ్చి, గాజు గదిలో గడియ పెట్టుకున్న యామిని అప్పటికే లేవి లాప్‌టాప్ తెరిచింది, కప్పు మీది యాంటెన్నాకు కలిపిన శాటిలైట్ ఫోన్ పక్కన పెట్టుకుంది. ఆమె మొదటి నుంచీ ముఠా మనిషే.

"అక్కా, పిన్నుతో తీయరాదా?" అన్నాడు లేవి.

"తాళం బయట ఉంది."

"కమ్మలు?"

"ఈ రాయి సిగ్నల్ పోనివ్వదు."

"మరి ట్రైనింగులో ఏం నేర్పినారక్కా?"

జీవిత బండలు తోసింది. కదల్లేదు. షట్టరును గుద్దింది. వాన చప్పుడులో ఆ మోత ఆమెకే సరిగా వినపడలేదు. పదిమందిలో మాట్లాడటానికి ఇన్నాళ్ళు భయపడింది. ఇప్పుడు ఊరంతా వినేలా అరవాలని ఉంది, వినేవాళ్ళు లేరు. నది పక్కన వరమ్మ పొయ్యి అంటించే వేళ అయింది.

యామిని లాప్‌టాప్ వాళ్ళ వైపు తిప్పింది. "లేవి పేరుతో చిన్న మార్పు పంపాను. 'అక్షరాలు పెద్దవి చేశాం' అని. మూడడుగులకు గంట చక్కగా మోగుతుంది. ఐదడుగులు దాటితే మూగ. ఐదో 'సరే' పడగానే పైన గేట్లు తెరుస్తాం. ఊరు నిద్రలో ఉన్నట్టే ఉంటుంది. మా ఈ పనితనం కొనేవాళ్ళు లైవ్‌లో చూస్తున్నారు."

ఐదు దాటితే.

జీవిత గబుక్కున తల దించుకుంది. లేవి కాలిని తన కాలితో తొక్కింది. ఎప్పుడూ తిట్లు తినిపించిన ఆ తల దించే అలవాటు ఇప్పుడు ఆమె ముఖాన్ని దాచింది.

లాప్‌టాప్ టింగుమంది. సరే. మిట్ట వీధి. ఇంకోటి. ఇంకోటి. మిట్ట ఇళ్ళ గీతలన్నీ నడుము లోపే. నాలుగోదీ పడింది.

"గేట్ల కంప్యూటర్ల దగ్గర రెడీగా ఉండండి" అంది యామిని ఫోన్లో.

ఐదోది రాలేదు. రేకుల మీద వాన, లేవి ఊపిరి, అంతే. వరమ్మ ఈరోజు తన గీత మర్చిపోయి గైడ్ ప్రకారం కొడితే? ఈ ఒక్క పూట తన మాట వింటే? ఆ గైడ్ రాసింది జీవితే.

టింగ్.

తెర ఎర్రబడింది. కాదు.

వెంటనే లాప్‌టాప్‌లో, ఊరి గంట గ్రూపు నుంచి వరమ్మ గొంతు. "లేవీ, ఈపొద్దు గంట మోగలేదప్పా. రెండు మార్లు కొట్టినా. సరే అన్నోళ్ళు నా గీత పెట్టి మల్లా చూడండి. నాకు ఎసరు పొంగుతాండాది."

నాలుగు 'సరే'లూ ఒకదాని వెంట ఒకటి 'కాదు'లయ్యాయి. యామిని లేవి తాళంతో మార్పును లోపలికి నెట్టింది. పోలేదు. మళ్ళీ నెట్టింది. ఫోన్లో ఎవరో విదేశీ భాషలో అరిచి పెట్టేశారు. గంట మోగుతుండగా గేట్లు తెరిస్తే ఊరు మిట్టకు చేరుతుంది, కొనేవాళ్ళకు చూపించడానికేం ఉండదు.

వరమ్మ ఇంకా మాట్లాడుతోంది. "కాదంటే ఎంటనే ఫోన్ చేసే పిల్లోడు, యాడ ఉండావు?"

జవాబు ఓ లారీ డ్రైవరు ఇచ్చాడు. ఆ పల్లెవాడే, ఎర్రగుంట్లలో సిమెంటు తోలుతాడు. "తెల్లకార్లో బండల ఫ్యాక్టరీ కాడ దిగింటే చూసినా పెద్దమ్మా. పోయి చూసొస్తా."

షట్టరు కింద లారీ జాకీ దూరింది. యామిని వెనక తలుపు తీసేసరికి అక్కడ మరో రెండు లారీలు అడ్డంగా నిలబడి ఉన్నాయి. కర్నూలులో గంట గ్రూపు చూస్తున్న దేవేంద్రప్ప కడప టీముకు అప్పటికే కబురు పెట్టాడు. యామిని చేతులకు బేడీలు పడ్డాయి, నల్లద్దాలు రాతిపొడిలో పడిపోయాయి.

వారం తర్వాత జిరాక్స్ షాపు పైగదిలో దేవేంద్రప్ప ఫైలు మూశాడు.

"నీ గైడ్ ఎంతమంది చదివినారు?"

"ఒక్కరే సార్."

"ఎవరు?"

"యామిని."

దేవేంద్రప్ప గైడ్‌ను మిషన్‌లో పెట్టి మూత వేశాడు.

"ముఠాలో మిగిలినోళ్ళకు కూడా పంపుదాం. కలర్‌లో తీయమంటావా?"