తారీఖు వేయని పన్నెండో పేజీ

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోపు నేను చేయవలసిన పనులు ఇవి:

మందుల స్టోరు తలుపుకి లోపలి నుంచి గడియ పెట్టడం.
కోల్డ్ రూమ్‌లో నాలుగో ర్యాక్ వెనక నుంచి కపాలాన్ని దించి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడం.
దాని చుట్టూ ఏడు కొవ్వొత్తులు నిలబెట్టడం. వెలిగించడం పెద్దాయన పని.
గడువు దాటిన మందుసీసాని దాని నోటి ముందు ఉంచడం.
రిజిస్టర్‌లో పన్నెండో పేజీ రాసి, ఊడ్చే అక్కకి చదివి వినిపించి, వేలిముద్ర వేయించడం.
గడువు అన్న గడిలో నెల మాత్రమే రాయడం. తారీఖు వేయకపోవడం.

ఆరు పనులూ చేశాను. ఒక్కటీ మరిచిపోలేదు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడని చిన్నప్పటి నుంచీ నాకు పేరు.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. మా నాన్న ఇటుకలు మోసేవాడు. ఆసుపత్రి మందుల స్టోరులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చిన రోజున ఆయన నా కుడిచేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని, ఇది మెత్తగా ఉండాలిరా, దీన్ని ఇలాగే ఉంచుకో అన్నాడు. ఆ చేత్తోనే రాశాను ఆ పేజీలన్నీ.

స్టోరుకి పెద్ద, ముసలి కాంపౌండర్. అందరూ పెద్దాయన అనేవారు. నన్ను ఆయన ఏనాడూ పేరుతో పిలవలేదు. "ఏం డిగ్రీ, టీ తాగావా" అనేవాడు. ఆయన వయసెంతో ఎవరికీ తెలియదు. డెబ్బై అనేవాళ్ళున్నారు, నూటపది అనేవాళ్ళూ ఉన్నారు. ఆయన చెయ్యి పడితే చచ్చిన మందుకి కూడా ప్రాణం వస్తుందని వార్డుల్లో చెప్పుకునేవారు. మెచ్చుకోలుగా అనే మాట అనుకునేవాణ్ణి... అది అక్షరాలా జరుగుతున్న ఘోరమని తెలిశాక కూడా, మెచ్చుకోలనే అనుకోవడానికి ప్రయత్నించాను.

మా స్టోరులో ఒక అలవాటు ఉండేది. సీసాల మీద గడువు నెల, సంవత్సరం మాత్రమే అచ్చవుతుంది. తారీఖు ఉండదు. కంపెనీవాడు సరుకు దించబోతే, ఆరో నెల అని ఉన్న మందు ఆరో నెల ఒకటో తారీఖుకే చచ్చినట్టు లెక్కేసి తిప్పి పంపేవాళ్ళం. అదే మందుని కిటికీలోంచి రోగికి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ నెల ఆఖరి తారీఖు దాకా బతికున్నట్టే. పుచ్చుకునేటప్పుడు ఒకటి, ఇచ్చేటప్పుడు ముప్ఫై. ఎవరూ ఎక్కడా రాసిపెట్టని ఆ పద్ధతిని నేను మొదటి వారంలోనే నేర్చుకున్నాను.

ఊడ్చే అక్క కూతురికి ఎనిమిదేళ్ళు. ఊపిరితిత్తుల్లో ఏదో పురుగు ప్రవేశించి, పిల్ల రోజురోజుకీ దీపంలా సన్నగిల్లిపోతోంది. దానికి పనిచేసే మందు ఒక్కటే. కొత్త సరుకు ఎక్కడా లేదు. మా దగ్గర మిగిలిన ఒకే ఒక సీసాకి గడువు దాటి ఏడాదయింది.

పెద్దాయన అక్కని కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పాడు. ఆమె ఆయుష్షులోని రోజుల్ని తీసి సీసాలో పోస్తాడు. సీసా మళ్ళీ పనిచేస్తుంది. పిల్ల రోజుకొక మోతాదు చొప్పున ఇరవై ఒక్క రోజులు తాగాలి. తాగడం అయ్యాక అక్క వచ్చి నోటితో అడిగితే ఆమె రోజులు ఆమెకి తిరిగి వస్తాయి. మధ్యలో అడిగితే సీసా నీళ్ళయిపోతుంది. గడువు దాటాక అడిగితే రోజులు తిరిగి రావు. గడువు, ఆరో నెల.

అక్క నవ్వింది. "నా రోజులు తీసుకుని ఏం చేసుకుంటారండీ, అన్నీ ఊడ్చే రోజులే కదా" అంది.

తర్వాత నేను పేజీ చదివి వినిపించాను. ఆమెకి చదువు రాదు. వేలికి సిరా రాసుకుంటూ నన్ను మెల్లగా అడిగింది. "ఆరో నెలంటే ఎప్పటిదాకా తమ్ముడూ?"

ఆ రోజు ఐదో నెల ఇరవై తొమ్మిది. మందు పూర్తయ్యేది ఆరో నెల పద్దెనిమిదిన. ఆమెకి కావలసిందల్లా ఆ ఒక్క తారీఖు. పెద్దాయన ఏ పద్ధతిలో లెక్కేస్తాడో నేను అడగలేదు. అడగడానికి నోరు తెరిచి, ఆయన కళ్ళు చూసి మూసేశాను. అంతకుముందు ఒకసారి అలవాటుకొద్దీ ఆ గడిలో తారీఖు వేయబోతే, ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ వేళ్ళ గుర్తులు తొమ్మిది రోజులు ఉన్నాయి.

"నెలాఖరు దాకా అక్కా" అన్నాను.

తెలియదని చెప్పి ఉండవచ్చు. అది నిజం కూడా.

పన్నెండు కొట్టింది! భానుడు నడినెత్తిన నిలిచి, మనిషి నీడ మనిషి పాదాల కిందే నక్కే వేళ... భూతప్రేత పిశాచాలు అర్ధరాత్రి కంటే ధైర్యంగా సంచరించే ఘోర ముహూర్తం! అంతవరకు నిర్మలంగా ఉన్న ఆకాశంలో మేఘం లేకుండానే ఉరుము ఉరిమింది. గోడ పైనున్న వెంటిలేటర్ కిటికీ అంచున పట్టపగలే ఒక గుడ్లగూబ వచ్చి వాలి, రెప్ప వేయకుండా లోపలికి చూస్తోంది. ఏడు కొవ్వొత్తుల నీలిజ్వాలలు పైకి కాక కిందికి వేలాడాయి. పెద్దాయన గొంతులోంచి వెలువడిన మంత్రాక్షరాలు గోడల మీద తేమలా పాకాయి. కపాలం కనుగుంటల్లో ఏదో కదిలింది...

అక్క తల వెనక్కి వాలింది. నోరు తెరుచుకుంది. ఆమె శ్వాస తెల్లని దారంలా సాగి, సీసా మూతిలోకి మెలికలు తిరుగుతూ దిగింది. అడుగున మడ్డిలా పేరుకున్న మందు తేనెరంగులో మెరిసింది. నేను పక్కనే నిలబడి, రిజిస్టర్ మీద సిరా ఆరడానికి ఊదుతున్నాను.

మూడో రోజుకి పిల్ల లేచి కూర్చుంది. ఆ వార్త చెప్పడానికి అక్క స్టోరు దాకా పరుగెత్తుకొచ్చి, నా బల్ల మీద రెండు అరటిపళ్ళు పెట్టి వెళ్ళింది. నేను తిన్నాను.

మర్నాడు ఆరో నెల ఒకటి.

ఆ ఉదయం వరండాలో చీపురు చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. వెళ్ళి చూస్తే అక్క ఒకే ఒక్క గచ్చు పలకని ఊడుస్తోంది. పిలిచాను. పలకలేదు. ముందుకు వెళ్ళి చూశాను... ఆ కళ్ళల్లో నల్లగుడ్లు లేవు! పాలుపోసిన గిన్నెల్లా రెండు తెల్లని గుంటలు. పెదవులు కదలకుండానే లోపలి నుంచి ఎవరిదో మొరటు స్వరం నవ్వింది. ఖాళీ ఇంట్లో అద్దెకి దిగినట్టు ఆ శరీరంలో ఏదో దిగింది. సాయంత్రం దాకా అదే పలక. మర్నాడూ అదే. డాక్టర్లు తలకి సంబంధించిన జబ్బన్నారు. కూతురి మంచం పక్కకి తీసుకెళ్తే, పిల్ల భయపడి నర్సు కొంగులో దూరింది.

ఏడు రోజులు నేను ఆ చప్పుడు విన్నాను. ఏడు రోజులూ భోజనం చేశాను, నిద్రపోయాను, సరుకు దించుకున్నాను. ఏడో రోజు సాయంత్రం కూర్చుని రిజిస్టర్ మొదటి నుంచి తిరగేశాను. అక్కలాగే రోజులిచ్చినవాళ్ళు. వాచ్‌మన్. బట్టలుతికే ముసలమ్మ. అంబులెన్స్ డ్రైవర్. పదకొండు పేజీలు, పదకొండూ నా చేతిరాతే. ఒక్కొక్కరూ గడువు నెలలోనే జబ్బుపడి పోయారు. వయసు మీదపడి పోయారని నమ్మడం నాకు సుఖంగా ఉండింది కాబట్టి నమ్మాను. డ్రైవర్‌కి ముప్ఫై నాలుగేళ్ళు.

మర్నాడు, ఎనిమిదో తారీఖున, పన్నెండుకి పావుగంట ముందు కోల్డ్ రూమ్‌లోకి వెళ్ళాను. పెద్దాయన కపాలం ఎదుట కూర్చుని ఉన్నాడు. జుట్టు సగం నల్లబడింది. ముఖం మీద ముడతలు సాఫయ్యాయి. గడువు ఇంకా ఉందని, అక్క రోజులు అక్కకి ఇచ్చేయమని అడిగాను.

"ఒకటో తారీఖుకే దాటిపోయింది డిగ్రీ. ఇక ఆ రోజులు నావి. పుచ్చుకునే పద్ధతి నీకు తెలీదా" అన్నాడు తాపీగా. తర్వాత నవ్వాడు. "రాసింది నువ్వు. చదివింది నువ్వు. నెలాఖరని చెప్పిందీ నువ్వే. నా సంతకం ఎక్కడుందో చూపించు."

ఆయన పొంగిపోయి ఉన్నాడు. పొంగిపోయినవాడు ఎక్కువ మాట్లాడతాడు. కపాలంలో ఉన్న శక్తి తన దాసి అన్నాడు. రాసినచోట అది రాతకి కట్టుబడుతుంది, రాయనిచోట తన నోటి మాటకి కట్టుబడుతుంది, అందుకే ఖాళీ గడులంటే తనకి అంత ఇష్టం అన్నాడు. చివరికి, ఎక్కువ మాట్లాడితే పదమూడో పేజీ నా పేరు మీదే రాయిస్తానన్నాడు, నా చేతే.

నేను తిరిగి స్టోరు గదిలోకి వచ్చాను. రిజిస్టర్ తీసుకున్నాను. మళ్ళీ లోపలికి వెళ్ళి, గోడకి ఆనుకుని నిలబడి, కలం తీసి మొదటి పేజీ గడిలో ఆఖరి తారీఖు వేశాను. రెండో పేజీలో వేశాను. ఆయన మొదట అర్థంకానట్టు చూశాడు. అర్థమయ్యేసరికి పన్నెండు కొట్టింది.

ఫెళఫెళారావాలతో పిడుగులు! గది పునాదులు కంపించాయి. పెద్దాయన మంత్రం అందుకున్నాడు. నా కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే వెనక్కి వంగడం మొదలుపెట్టాయి... ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. కలాన్ని పిడికిట్లో బిగించి రాశాను. ఏడు. ఎనిమిది. ప్రతి పేజీకీ ఆ మనిషిని తలుచుకుని, ఆ రోజున వాళ్ళకి చదవవలసినట్టుగా, తారీఖుతో సహా పైకి చదివాను. పన్నెండో పేజీకి వచ్చేసరికి అక్షరాలు చిన్నపిల్లాడి రాతలా వచ్చాయి. ఆరో నెల ముప్ఫై.

కొవ్వొత్తులు ఆరిపోయాయి. ఆ అంధకారంలో కపాలం కనుగుంటలు రెండు ఎర్రని ద్వారాల్లా తెరుచుకున్నాయి. ఆయన దాసి అనుకున్నది బయటికి వచ్చింది... అది దాసి కాదు. ముఖం లేదు, ఆకారం లేదు. నడక మాత్రం ఉంది, తొందరలేని నడక. పుట్టిన ప్రతిదాని వెనకా ఒక రోజు ఆలస్యం కాకుండా, ఒక రోజు ముందు కాకుండా నడిచే కాలం అది! పెద్దాయన లేచి వెనక్కి జరిగాడు. ఇంకో నెల ఇవ్వమన్నాడు. తర్వాత ఒక వారం చాలన్నాడు. ఆ తర్వాత, అంత వయసు మనిషి, పిల్లాడిలా ఏడుస్తూ ఒక్క రోజు అన్నాడు. నల్లబడిన జుట్టు తెల్లబడి, రాలింది. పళ్ళు గచ్చు మీద టపటప పడ్డాయి. దొంగిలించిన దినాలన్నీ చర్మంలోంచి పొగలా లేచిపోతుంటే, ఆ శరీరం ముడుచుకుని, ఎండి, చివరికి తెల్లకోటులో గుప్పెడు బూడిదగా మిగిలింది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో చీపురుతో అక్క నిలబడి ఉంది. కళ్ళల్లో నల్లగుడ్లు మళ్ళీ ఉన్నాయి. ఆమెలో దిగినది పోయింది. నిలబడడానికి కావలసిన రోజులు మాత్రం ఆమెలో లేవు. ద్వారబంధం పట్టుకుని అలాగే కిందికి జారింది. వెళ్ళి పట్టుకున్నాను. చీకట్లో ఆ నడక ఇంకా ఆగి ఉంది, ఎదురుచూస్తున్నట్టు. కపాలం కనుగుంటల ఎరుపు తగ్గుతోంది. అది మూసుకుపోయాక అడిగినా వినేవాళ్ళుండరని నాకు అర్థమైంది.

"అడుగు అక్కా. నీ రోజులు నీకిమ్మని అడుగు. గడువుంది. ఇప్పుడే అడగాలి."

ఆమె నా వైపు చూసింది. "పాపకి ఇంకా ఎన్ని మోతాదులున్నాయి?"

అబద్ధం చెప్పవచ్చు. అయిపోయాయి అంటే ఆమె అడిగేది, బతికేది. ఒకసారి ఈ మనిషికి ఒక తారీఖు గురించి అబద్ధం చెప్పాను. రెండోసారి నోరు రాలేదు.

"పదకొండు."

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. మధ్యలో తప్పి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. "అయితే ఉండనీలే తమ్ముడూ" అంది. "సాయంత్రం మోతాదు నువ్వే ఇవ్వు. చేదని ఉమ్మేస్తుంది, ముక్కు పట్టుకో."

అంతే. కపాలం కనుగుంటలు చల్లారాయి.

నేను తారీఖు వేసి ఉంటే ఆమె పద్దెనిమిదో తారీఖు రాత్రి పిల్లకి ఆఖరి మోతాదు తాగించి, పంతొమ్మిదిన వచ్చి తన రోజులు తాను తీసుకెళ్ళేది. రెండు అంకెలు. నా చదువు మొత్తానికి ఆ రోజు పడిన పని అంతే.

పదకొండు మోతాదులూ ఎడమచేత్తో ఇచ్చాను. పిల్ల బతికింది. మా ఇంట్లోనే పెరుగుతోంది. నన్ను మామయ్యా అంటుంది. వాళ్ళమ్మ ఎలా పోయిందని ఇంకా అడగలేదు. అడిగే వయసు వస్తోంది. అందుకే ఇది రాసిపెట్టాను.

ఇది చదివినవారిని నేను కోరేది ఒకటే. నన్ను క్షమించమని కాదు. ఆమె పొడుగ్గా ఉండేది. గుమ్మాల దగ్గర తల వంచడం అలవాటైపోయి, ఆరుబయట నడిచేటప్పుడు కూడా కొంచెం వంగేది. ఆసుపత్రిలో ఏడేళ్ళు పనిచేసినా ఆమె ఫొటో ఒక్కటి కూడా ఎక్కడా దొరకలేదు. మీకు వీలైనప్పుడు, ఏ తారీఖునైనా సరే, ఆమెని ఒకసారి తలుచుకోండి.