మూల కుర్చీకి వచ్చే ఫోన్లు

గచ్చిబౌలిలో ఒక అద్దాల భవనం, ఆరో అంతస్తు. అంబులెన్సు కావాలని జనం చేసే ఫోన్లు అందుకునే గది అది. అందులో కిటికీ పక్క మూల కుర్చీకి చెడ్డపేరు. కొత్తగా వేశారు, రాత్రి డ్యూటీకి మాత్రమే.

మిగతా కుర్చీలన్నీ ఫోన్లలో ఉంటేనే, అదీ పన్నెండు దాటాక, దానికి ఫోన్ మోగుతుంది. ఎత్తితే — మాట ఉండదు. ఊపిరి ఉండదు. గరగర కూడా ఉండదు...

మా కింది వాటాలో ఉండే రేణుక చెప్పింది ఇదంతా. ఆ కుర్చీలో కూర్చున్న పిల్ల. చెబుతూ చెబుతూ ఆగిపోయేది. నేను తొందరపెట్టలేదు.

"ఈ బిల్డింగు కట్టేటప్పుడు ఒక కూలామె పైనుంచి పడ్డది," అన్నాడట రాత్రి కాపలా ఉండే నర్సయ్య, గొంతు తగ్గించి. "అంబులెన్స్ అందలే. ఆమెనే చేస్తది."

సూపర్‌వైజర్ భాస్కర్ నవ్వాడు. "దయ్యానికి సిమ్ కార్డు ఎవరిచ్చిన్రు రేణుకా? పోరగాళ్లు ఆటకు చేస్తరు. పది సెకన్లు చూడు, కట్ చెయ్. తిరిగి చేయకు, లైన్ ఖాళీగుండాలె."

రేణుక అలాగే చేసింది. నెలలో పద్నాలుగు సార్లు.

పదిహేనోసారి మోగితే ఎత్తలేక ఏడ్చేసింది. అప్పుడు పంపారు రసజ్ఞని, యంత్రాలు చూసే అమ్మాయిని. రాత్రి ఒంటిగంటకి వచ్చింది. మంత్రదండం లేదు, నిమ్మకాయ లేదు. లిఫ్టు దగ్గర నిలబడి, తన సెల్లు నుంచే మూల కుర్చీకి ఫోన్ చేసింది.

మోగింది. రేణుక ఎత్తింది. "హలో..."

అద్దం అవతల రసజ్ఞ పెదవులు కదులుతున్నాయి. చెయ్యి ఊపి మరీ మాట్లాడుతోంది. చెవిలో మాత్రం — ఏమీ లేదు.

రసజ్ఞ లోపలికొచ్చింది. "అక్కా, నీ హలో నాకు వినపడింది. నా మాటే నీకు రాలేదు."

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. కుర్చీల ముందున్నవి ఉత్త తెరలు. కంప్యూటర్లన్నీ లోపలి గదిలో రెండు పెద్ద యంత్రాల్లో ఉంటాయి. ఒక్కో యంత్రం, తనలో పది కంప్యూటర్లున్నట్టు నడుస్తుంది. మూల కుర్చీ ఒక్కదాన్నే కొత్త యంత్రానికి కలిపారు. ఫోన్లో మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, సెకనుకి యాభై. వాటిని అందుకునేది నెట్‌వర్క్ కార్డు. యంత్రానికి శ్రమ తగ్గుతుందని ఆ కార్డే ముక్కల్ని కలిపి కట్ట కట్టి ఇస్తుంది. ఆఫ్‌లోడ్ అంటారట. పరీక్ష పేపర్లు కట్టే ప్యూను రెండు బళ్ళవి కలిపేశాడనుకోండి, కట్ట మొత్తం పక్కన పడేస్తారు కదా? ఇక్కడా అంతే, కొత్త యంత్రంలోని కార్డు కట్ట తప్పుగా కడుతోంది, యంత్రం దాన్ని పారేస్తోంది. ఫోన్ మోగించే కబురు ఒంటరి ముక్క, చేరుతుంది. వచ్చే మాట కట్టలో పడి పోతుంది. వెళ్ళే మాటకి ఈ కట్టడం లేదు.

రసజ్ఞ ఆ ఆఫ్‌లోడ్ ఆపేసింది. మళ్ళీ ఫోన్ చేసింది. "అక్కా, వినపడుతున్నానా?" — గంటలా వినపడింది.

నర్సయ్య ఊపిరి పీల్చుకున్నాడు. "అంటే... దయ్యం లేదు?"

"లేదు తాతా."

రేణుక మాత్రం నవ్వలేదు. దయ్యం కాకపోతే... ఆ పద్నాలుగు మంది ఎవరు?

తెల్లవారాక, రూలు పక్కనపెట్టి, ఒక్కో నంబరుకీ చేసింది. ఒకాయన బండబూతులు తిట్టాడు. ఒకామె, "ఆటోల ఏసుకపోయినం, బతికిండు," అంది. రేణుకకి కాస్త ప్రాణం లేచొచ్చింది. అయిదు నంబర్లు ఎత్తలేదు.

ఎనిమిదోది నార్సింగిలో ఒక పెద్దామె ఎత్తింది.

"అమ్మా, అంబులెన్స్ ఆఫీసు నుంచి... ఆ రాత్రి మీరు ఫోన్ చేసిన్రు గదా—"

అవతల చాలాసేపు ఏమీ లేదు. లైను బాగానే ఉంది.

"మొన్ననే దినాలయినయ్ బిడ్డా, మా ఆయనయి."

"అమ్మా, నేను..." అంది రేణుక.

"నీ గొంతు గుర్తువట్టిన," అంది ఆమె, మెల్లగా. "నేను అంత మొత్తుకుంటుంటె... 'నీకు దండం పెడ్త, నన్ను పట్టుకోకు, పో' అన్నవ్. ఎందుకట్లన్నవ్ బిడ్డా?"