మూడో బోగీలో లైటు

బొమ్మ రైలు బోగీలో లైటు పెట్టడం పెద్ద విద్యేమీ కాదు. పైకప్పు ఊడదీసి, దాని లోపలి వైపు సన్నటి ఎల్‌ఈడీ పట్టీ అంటించాలి. చక్రాల నుంచి కరెంటు అందుకోవడానికి రాగి రేకు ముక్కలు ఆనించి, వెంట్రుకంత వైర్లకు టంకం పెట్టాలి. చివర్లో ఒక చిన్న కెపాసిటర్. పట్టాల మీద దుమ్ముండి కరెంటు తెగినా, నాలుగైదు సెకన్లు లైటు ఆరకుండా అది కాపాడుతుంది.

ఈ పని నేను హైదరాబాదులో నేర్చుకున్నాను. ఎగ్జిబిషన్లకు బొమ్మ రైళ్ళు చేసిచ్చే షాపులో ఆరేళ్ళున్నాను. లాక్‌డౌన్‌లో షాపు మూతబడింది. టంకం సామాను ఒక సంచీలో వేసుకుని కోరుట్లకు తిరిగొచ్చాను. ఇక్కడ నా చేతికి మిక్సీలు, బతుకమ్మ పండక్కి సీరియల్ లైట్లు తప్ప వేరే పని దొరకలేదు. అందుకే సిరిసిల్ల నుంచి శంకరయ్య అనే పెద్దాయన ఫోన్ చేసి, "నవతా, బొమ్మరైలు డబ్బలు అయిదున్నయి బిడ్డా, లోపట లైట్లు బెట్టాలె" అన్నప్పుడు, మర్నాడే బస్సెక్కాను.

శ్రావణమాసం. పొద్దున్నుంచీ ముసురు. ఆయన ఇంటి వెనక పొడుగాటి రేకుల షెడ్డు. ఒకప్పుడు అందులో సాంచెలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, ఆడేవట. ఇప్పుడు అన్నీ తీసేశారు. నేల మీద వాటి కాళ్ళ గుంతలు, గోడలకు నూనె మరకలు, మూలల్లో దూది మిగిలాయి. మధ్యలో పెద్ద బల్ల మీద గుండ్రంగా పట్టాలు, ఒక పక్క అట్టతో చేసిన కొండ, దానికి సొరంగం. ఇంజను వెనక ఐదు బోగీలు. వాటికి ఆయనే ఎర్రమట్టి రంగు వేశాడు.

"పాత రైళ్ళకు గిదే రంగు," అన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఎండిన చెయ్యి, కానీ పట్టు గట్టిది. "కోనరావుపేట, వీర్నపల్లి నుంచి ఎంతమందిని దీస్కపోయిన్నో భివండికి. నిజామాబాద్ల ఎక్కేది. తెల్లారి కల్యాణ్‌ల దిగేది. సాంచెల మీద పనికి. తలకింతని సేటు నాకిచ్చేటోడు."

మూడో బోగీ కప్పు తీశాను. మిగతావన్నీ ఖాళీ. అందులో మాత్రం కట్టెతో చెక్కిన మనుషులున్నారు. గోరంత మనుషులు. లెక్కపెడితే పన్నెండు మంది. కొందరు మోకాళ్ళ మీద మూటలు పెట్టుకుని కూర్చున్నారు. ఒకడు తలుపు పక్కన.

"గీ డబ్బల లైటు అస్సలు పోవద్దు," అన్నాడు శంకరయ్య. "లైటుంటే ఎవ్వలు లేవరు."

ఆ మాట నాకు అర్థం కాలేదు. ముసలితనం అనుకున్నాను.

చాయ్ తెచ్చిన ఆయన భార్య సత్యవ్వ, ఆయన బయటికి వెళ్ళగానే నా పక్కకు వంగింది.

"జల్దిన చేసి పో బిడ్డా," అంది గుసగుసగా. "కడమ డబ్బలన్ని ఎలుగుతయి. మూడోది ఎలగది. ఇద్దరొచ్చి లైట్లు బెట్టిపోయిండ్రు ఇంతకుముందు, అన్ని పీకేసిండు."

మధ్యాహ్నం రెండింటికి పని అయింది. మూడో బోగీకి రెండు కెపాసిటర్లు వేశాను. లైటు పరీక్షకు చీకటి కావాలి. శంకరయ్య షట్టరు దించి లోపలి నుంచి తాళం వేశాడు. కిటికీలకు గోనెసంచులు కట్టాడు. పట్టపగలే షెడ్డు నల్లబడింది. రేకుల మీద వాన చప్పుడు. తడిసిన దూది వాసన.

స్విచ్చు వేశాను.

ఐదు బోగీల కిటికీలూ పసుప్పచ్చగా వెలిగాయి. చీకట్లో ఆ చిన్న రైలు నిజం రైలులాగే కనిపించింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత మంచి పని చేసి మూడేళ్ళయింది. రైలు సొరంగంలోకి వెళ్ళింది. బయటికి వచ్చింది.

మూడో బోగీ చీకటి.

ఆపి చూశాను. టంకం బాగుంది. చక్రాలు శుభ్రంగా ఉన్నాయి. పట్టాల మీద పెట్టగానే మళ్ళీ వెలిగింది. పరుగెత్తించాను. సొరంగంలోంచి మళ్ళీ చీకటిగానే వచ్చింది. ఆ తర్వాత దానంతట అదే వెలిగింది. కెపాసిటర్ ఉండగా అలా ఆరదు. ఆరకూడదు.

శంకరయ్య బల్ల మీదికి వంగి కిటికీలోకి చూస్తున్నాడు.

"లేచిండు," అన్నాడు.

నేనూ చూశాను. తలుపు పక్కన సీటు ఖాళీ. ఆ కట్టె మనిషి తలుపు బయట ఉన్నాడు. రెండు చేతులతో బోగీకి వేలాడుతున్నాడు. వాడి చేతులను ఒంటికి అతికించి చెక్కారని పొద్దున నేనే చూశాను.

"ఎవరు పెద్దబాపూ?"

"గంగారాం." ఆయన గొంతు మెల్లగా ఉంది. "ఇగత్‌పురి టేషన్ దాటినంక, కసారా ఘాట్ల సొరంగంల డబ్బ లైటు పోయింది. వాడు అంతకుముందే అందర్ని దింపుతనన్నడు. మేం పోయే ఖార్ఖాన్ల అంతకుముందేడు మంటలంటుకున్నయి. బయటికెల్లి తాళం. ఇద్దరు కాలి సచ్చిండ్రు. అది వానికి తెలిసింది. ఇగత్‌పురి రాంగనే అందరికి జెప్తనన్నడు. నేను నిద్రవోతున్నోన్ని తలుపు కాడికి పిలిచిన... ఇగత్‌పురి దాటిపోయింది, వానికి ఎరుకలేదు. నూకిన. వాడు కడ్డి ఇడువలే. ట్రంకు తాళం దీస్కొని చేతి వేళ్ళ మీద కొట్టిన. ఒక్కొక్కటి. నాలుగు వేళ్ళు. ఐనా ఇడువలే."

రైలు తిరుగుతూనే ఉంది. నేను వెనక్కి జరిగాను. నా మడమకు ఏదో తగిలి చప్పుడైంది.

ఆయన తల తిప్పాడు. అప్పుడే నన్ను చూసినట్టు చూశాడు.

"నిన్ను వాని పెండ్లాం పంపిందా?"

"నాకు వాళ్ళెవరో తెల్వదు పెద్దబాపూ. తాళం తియ్యి. నేను పోత."

"లైటు నువ్వే ఆర్పుతున్నవు."

గోడకున్న ఇనుప రాడ్డు ఆయన చేతిలోకి ఎప్పుడు వచ్చిందో చూడలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎముక లోపల ఏదో చిట్లింది. రెండో దెబ్బ తప్పి బల్లకు తగిలి, రాడ్డు ఎగిరిపడింది. ఆయన నన్ను బల్ల మీదికి వంచి, ఎడమ చేత్తో గొంతు నొక్కాడు. కుడి చేత్తో నా చెవి పక్కన బల్ల అంచు పట్టుకుని బరువంతా వేశాడు. ఊపిరి ఆడలేదు. నా కళ్ళ ముందు నుంచి రైలు సొరంగంలోకి పోయింది...

ఈసారి అన్ని లైట్లూ ఆరిపోయాయి.

ముందు వాసన వచ్చింది. బీడీ. ఇనుము రాసుకున్న వాసన. చాలామంది మగవాళ్ళు దగ్గరగా కూర్చున్న చెమట వాసన. ఆ తర్వాత చప్పుడు. బొమ్మ చక్రాల చప్పుడు కాదు. బల్ల అదిరింది. నేల అదిరింది...

నా చెవి దగ్గర ఎవరో నిద్ర గొంతుతో అడిగారు.

"ఇగత్‌పురి అచ్చిందా అన్నా?"

శంకరయ్య పట్టు సడలింది.

ఠక్.

బల్ల అంచు మీద, నా చెవికి జానెడు దూరంలో. ఎముక విరిగిన చప్పుడు. ఆయన అరుపు. నా చెంప మీద వెచ్చగా చుక్కలు పడ్డాయి.

ఠక్.

"ఇడుస్త... ఇడుస్త..." అంటున్నాడు ఆయన. కానీ చెయ్యి బల్ల మీదే ఉంది. ఎవరో అక్కడే అదిమి పట్టినట్టు.

ఠక్... తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆయన ఏడుపు, వాన. నాలుగోది ఎప్పుడు పడుతుందా అని ఆయనతో పాటు నేనూ ఎదురుచూశాను.

పడింది.

లైట్లు వెలిగాయి. రైలు ఆగి ఉంది. మూడో బోగీలో ఒక్కరూ లేరు. పన్నెండు సీట్లూ ఖాళీ. శంకరయ్య నేల మీద పడి ఉన్నాడు. కుడి చేతి నాలుగు వేళ్ళూ చితికిపోయాయి. ఆయన జేబులో తాళంచెవి తీసి, ఒక్క చేత్తో షట్టరు లేపాను. బయట పగలే. సత్యవ్వ వాకిట్లో వానలో తడుస్తూ నిలబడి ఉంది.

ఆయన్ని ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళాం. నా భుజం ఎముక పగిలిందన్నారు. పోలీసులు వస్తే, ఆయన నాతో చెప్పిందంతా చెప్పాను. సత్యవ్వ పక్కనే కూర్చుని, "నిజమే," అంది. "ఆయన నిద్రల అన్నీ చెప్తడు. ఇరవై ఏండ్ల సంది ఇంటున్న." శంకరయ్య కాదనలేదు. గదిలో లైటు ఆర్పవద్దని మాత్రం బతిమాలాడు.

సాయంత్రం డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచాడు. ఎక్స్‌రే ఫిల్ము చేతిలో పట్టుకుని చిరాగ్గా ఉన్నాడు.

"ఫోటో దీసేటప్పుడు ఆయన చెయ్యి ఎవరు పట్టుకున్నరమ్మా? అందర్ని బయటికి పొమ్మన్నం గదా."

ఎవరూ లేరని ఎక్స్‌రే తీసినతనే చెప్పాడు.

డాక్టరు ఫిల్మును లైటుకు ఎదురుగా పెట్టాడు. శంకరయ్య విరిగిన వేళ్ళు కనిపించాయి. వాటి కింద, మణికట్టు చుట్టూ, ఇంకో చేతి ఎముకలు. ఆ చేతి నాలుగు వేళ్ళూ విరిగే ఉన్నాయి. అయినా గట్టిగా మూసుకుని ఉన్నాయి.

ఫిల్ము పాడైంది, ఈసారి చెయ్యంతా పడేలా మళ్ళీ తీయమన్నాడు డాక్టరు. పావుగంటలో రెండోది తెచ్చారు.

అందులో మణికట్టు దగ్గర ఏమీ లేదు. ఆ చెయ్యి మోచేతి దాకా ఎక్కింది.