పేరయ్య తీసిన తరుగు

“ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక ఇంట్లో రోజూ మిట్టమధ్యాహ్నం ఇరవై నిమిషాలు ఏసీ ఆగిపోతోంది. సంగతేంటో కనుక్కో,” అంది ఢిల్లీ, ఫోన్‌లో.

“పాడైందేమో సార్.”

“సెప్టెంబరులో బహ్రెయిన్‌లో ఏసీ పాడైతే మనిషి బయటికి పరిగెత్తుతాడు. వీళ్ళు లోపల గడియ పెట్టుకుంటున్నారు. గాలి ఆడితే త్రాసు ఆడుతుందయ్యా! లోపల ఎవడో మందు తూస్తున్నాడు.”

మందంటే తాగేది కాదు, తుపాకీ మందు. తాగే మందు ఎక్కువైతే మనిషి తూలతాడు. ఈ మందు ఎక్కువైతే తుపాకీయే పేలిపోతుంది, తక్కువైతే గుండు సగం దారిలో సొమ్మసిల్లుతుంది. కస్టమ్స్ కళ్ళుగప్పి తూటాలు తేలేక, వాల్టర్ అనేవాడి ముఠా ఖాళీ తొడుగులు ఒకసారి, గుండ్లు ఒకసారి, మందు ఒకసారి తెప్పించి ఇంట్లోనే నింపిస్తోంది. టార్గెట్: రాకెట్ ఇంధన శాస్త్రవేత్త భీమేశ్వరరావు. రేపు సాయంత్రం ఐదింటికి ఈసా టౌన్‌లో, ఒక స్కూలు మైదానంలో ఆయన ప్రసంగం.

“ఇక్కడి పోలీసులకు చెప్పేస్తే పోలేదా సార్?”

“నువ్వెవరని అడుగుతారు. రికార్డుల్లో నువ్వు లేవుగా!”

ఆ విధంగా, లేని మల్లికార్జున్ లేని ఏసీ కంపెనీ యూనిఫాం వేసుకుని బెల్లు కొట్టాడు. ఏజెంటు కాస్తా ఏసీ జెంటయ్యాడు.

తలుపు తీసింది ఉజ్వల. వాల్టర్‌కి సెక్రటరీ, ఢిల్లీకి ఏజెంటు, ఇద్దరికీ ఒకటే నవ్వు. ఏసీ చల్లబడటం లేదని మెకానిక్‌ని పిలిపించింది ఆమే.

“గ్యాస్ అయిపోయిందా మేడమ్?” అన్నాడతను.

“గ్యాస్ కాదు, కంప్రెసర్ అలిసిపోయింది,” అంది ఆమె. కోడ్ కుదిరింది.

లోపలి గదిలో బల్ల మీద కంసాలి త్రాసు, పక్కన ఎలక్ట్రానిక్ కాటా, వెనక ఓ ముసలాయన. పెద్దాపురం పేరయ్య. ఉజ్వల అటు వెళ్ళగానే గొంతు తగ్గించాడు.

“బంగారం పనని తెచ్చారండి బాబూ. పాస్‌పోర్టు వాల్టర్ దగ్గరుండిపోయింది. ఏడు తూటాలు తూచిస్తే ఇస్తానన్నాడు.”

“ఇస్తాడంటారా?”

“ఆయ్, ఇవ్వడండి. అయినా తూస్తున్నాను. మరేం చెయ్యను?” కిటికీ ఏసీ వైపు చూశాడు. “ఆ గాలి రెక్కలు కాస్త కిందికి తిప్పుదురూ, ఈ బల్ల మీదకి.”

పాపం, ఉక్క కాబోలనుకుని మల్లికార్జున్ తిప్పాడు. ఏసీ నిజంగానే బాగుచేశాడు కూడా. మర్నాడు పన్నెండింటికి వచ్చి, పనిముట్ల పెట్టె అడుగున దాచిన ఉత్తుత్తి మందుతో అసలు మందు మార్చెయ్యాలని ప్లాను.

మర్నాడు పన్నెండింటికి వచ్చాడు.

“గ్యాస్ అయిపోయిందా మేడమ్?”

“నీదే,” అంది ఉజ్వల, పిస్టల్ గురిపెట్టి.

తూటాలు రాత్రికి రాత్రే నింపించేశారట, తెల్లారేసరికే వెళ్ళిపోయాయట. స్క్రూడ్రైవర్‌లో వైర్‌లెస్, మడమలో రంపం అన్నీ ఆమె చకచకా లాగేసుకుంది. వాటి జాబితా ఆమెకు ఢిల్లీయే పంపింది మరి! పేరయ్య పాస్‌పోర్టుని లైటర్‌తో ఆయన కళ్ళ ముందే ఉజ్వలంగా వెలిగించింది. ఓ వాకీటాకీ బల్ల మీద పెట్టింది.

“ఐదింటికి వినండి. ఖలాస్.”

తాళం పడింది. కరెంటు పోయింది. గది పెనమైంది.

మిగిలిన దారి ఒక్క కిటికీ ఏసీ. దాన్ని పట్టుకున్నవి నాలుగు స్క్రూలు. చేతిలో వంద ఫిల్సుల నాణెం. నాలుగున్నరకి రెండు స్క్రూలు ఊడాయి, గోళ్ళు మూడు ఊడాయి.

“లాభం లేదు పేరయ్యగారూ. ఏడూ సరిగ్గానే తూచారా?”

“నలభై ఏళ్ళుగా ఎలా తూస్తున్నానో అలాగే తూచానండి,” అన్నాడాయన, బూడిద వైపు చూస్తూ.

మల్లికార్జున్ చివరి ఆశ కూడా చెమటై కారిపోయింది.

ఐదూ ఏడు. వాకీటాకీలో చప్పట్లు, భీమేశ్వరరావు దగ్గు, “సభకు నమస్కారం.”

ఢాం!

“గుండు కిందికి పోయింది!” షూటర్ కేక. “పూలకుండీ పగిలింది!”

ఢాం!

“మెట్టుకి తగిలింది! తూకం ఎవడు చూశాడు?”

“నేనే చూశాను!” వాల్టర్ గొంతు. ఆ వెనకే సైరన్లు.

మల్లికార్జున్ చేతిలో నాణెం జారిపోయింది.

పేరయ్య బొడ్లోంచి దగ్గుబిళ్ళల డబ్బా తీసి మూత విప్పాడు. అడుగున చిటికెడంత మందు. “తరుగండి. కరిగించి సాగదీసే పని కదా, ప్రతి నగకీ ఇంత పోతుందని ముందే తీస్తాం. చెయ్యి అలవాటున తీసేసింది. మొదటిది తీశాక, మిగతావి కావాలనే తీశాను.”

“వాల్టర్ కాటా మీద పెట్టి చూశాడుగా?”

“చూశాడు. సున్నా పెట్టేది నేను, ఏసీ ఆపి. తూకం చూసుకునేది ఆయన, చెమట్లు పట్టి ఏసీ వేసుకుని. పైనించి గాలి పళ్ళేన్ని నొక్కుతుంది, తక్కువున్నా కాటా సరిపోయినట్టే చూపిస్తుంది. మీరు బాగుచేశాక గాలి ఎంత జోరుగా వచ్చిందనీ!”

అంత పెద్ద మిషన్లో మన గూఢచారి సాధించింది ఒక్కటే: రిపేరు.

ఆరింటికి ఏసీ ఊడింది. ఇద్దరూ కన్నంలోంచి పాకి, ఫోన్ బూత్ దాకా నడిచారు.

“సక్సెస్!” అంది ఢిల్లీ. “వాల్టర్ దొరికాడు, ఆవిడా దొరికింది.”

“సార్, పేరయ్యగారికి కొత్త పాస్‌పోర్టు...”

“ఏ పేరయ్య? ఆ పేరు ఫైల్లో లేదు. తూటాలు నింపినవాడి కోసం పోలీసులు వెతుకుతున్నారు. నువ్వు దూరంగా ఉండు.” లైన్ కట్టయింది.

బూత్ అద్దం అవతల పేరయ్య అతని మొహాన్ని కాసేపు తూచాడు. డబ్బా వంచి, చిటికెడు మందూ ఇసకలో పారబోశాడు.

“ఆయ్, అర్థమైందండి. ఢిల్లీవారూ తరుగు తీస్తారన్నమాట.”