ఆగస్టు మూడున పుట్టిన పిల్ల

జనవరి చలికి కుళాయి నీళ్ళు సూదుల్లా గుచ్చుతున్నాయి. మాణిక్యాంబ చేతులు ఊదుకుంటూనే ఇడ్లీపాత్ర దించి, "కమలా, లేచావా? చల్లారిపోతాయే!" అని కేక వేసింది. వేసి, ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. ఆ పేరు పిలిచిన ప్రతిసారీ ఇద్దరు పలుకుతారేమోనని చెవి ఒగ్గడం ఆవిడకు పాతికేళ్ళుగా అలవాటు. పలికేది ఒక్కరే. ఆ సంగతి ఆవిడకు తెలియదా ఏమిటి? తెలిసినా ఆగేది.

"ఆయీ అమ్మా, వస్తున్నా!" అంటూ కమల తుండుతో తల తుడుచుకుంటూ వచ్చింది.

ఒక్కగానొక్క కూతురు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. జర్మనీలో మూడు నెలల పనికి కంపెనీ ఆమెను పంపుతోంది. ఆ అవకాశం కోసం రెండేళ్ళు ఎదురుచూసింది. మర్నాడు ఉదయమే ఎంబసీలో వీసా ఫారం ఇవ్వాలి. కాగితాలన్నీ సిద్ధమే, ఒక్కటి తప్ప. ఆఫీసులో వీసా పనులు చూసే ఆయన పుట్టిన రిజిస్టరు నకలు కూడా జతచేయమన్నాడు. ఢిల్లీలోనే సాకేత్ కాలనీకి ఇల్లు మారినప్పుడు ఉన్న కాగితం పోయిందని, కొత్త నకలు తీయించమని సదాశివరావు ఊళ్ళో ఉన్న బావమరిది సీతారామయ్యకు రాశాడు. అది ఇవాళైనా రావాలని తండ్రీకూతుళ్ళు. ఎన్నటికీ రాకుంటే బాగుండునని మాణిక్యాంబ.

వచ్చింది. "రిజిస్ట్రీ హై!" అని పోస్ట్‌మన్ తలుపు కొట్టాడు. కమల సంతకం పెట్టి రిజిస్టరు పోస్టు తీసుకుని, నిలబడే కవరు చింపింది. చదివింది. మళ్ళీ చదివింది.

"నాన్నా, ఇందులో రెండున్నాయి. ఒకటి నేను పుట్టినట్టు." కింది కాగితం పైకి తీసింది. "రెండోది నేను చచ్చిపోయినట్టు."

గడ్డం గీసుకుంటున్న సదాశివరావు సగం మొహం సబ్బుతోనే పరుగెత్తుకొచ్చాడు. కాగితాలకు సీతారామయ్య చీటీ గుచ్చి ఉంది. ఆ పేరు, ఆ పుట్టిన తేదీ మీద రిజిస్టర్లలో ఏముంటే అది గుమాస్తా రాసిచ్చాడట, ఎంబసీ వాళ్ళు ఏది అడుగుతారో తెలియక రెండూ పంపాడట. పాపం, మంచికే పంపాడు మహానుభావుడు!

"కమల, తండ్రి సదాశివరావు, పుట్టినది అరవై తొమ్మిది ఆగస్టు మూడు. పోయినది డెబ్బై జూన్. ఎవరు నాన్నా ఈమె?"

సదాశివరావు కుర్చీలో కూలబడ్డాడు. "నీకంటే ముందు పుట్టింది తల్లీ. పది నెలలకే పోయింది. మా అమ్మ పేరు నిలవాలని నీకూ అదే పేరు పెట్టాం. డెబ్బై ఆరులో ఢిల్లీ బదిలీ అయింది. బడిలో చేర్చడానికి అదే ఆఖరి రోజు. నేనేమో కొత్త ఆఫీసు గొడవలో ఉన్నాను. ఆ తొందరలో పొరపాటున దాని కాగితం ఇచ్చేశాం. తెలిసేసరికి ఏడాది దాటింది. కోర్టులు, అఫిడవిట్లు ఎవరు పడతారని వదిలేశాను. తప్పు నాదే."

"అచ్ఛా! అంటే నా టెన్త్, నా డిగ్రీ, నా పాస్‌పోర్టు, అన్నీ ఆవిడ తేదీవే?"

"ఇప్పుడదంతా ఎందుకమ్మా? ఆ రెండో కాగితం చింపేయ్. రేపు వెళ్ళి ఫారం ఇచ్చెయ్. తిరిగొచ్చాక చూసుకుందాం."

"ఫారం చివర సంతకం పెట్టాలి నాన్నా, పైన రాసిందంతా నిజమేనని!" కమల తల్లివైపు తిరిగింది. "ఏటా ఆగస్టు మూడున పరమాన్నం వండుతూ ఏడ్చేదానివి. ఎందుకంటే పొగ అనేదానివి. గ్యాసు పొయ్యికి పొగేమిటో నాకెప్పుడూ తట్టలేదు. ఎవరి పుట్టినరోజమ్మా అది?"

మాణిక్యాంబ లోపలికి వెళ్ళి, బీరువాలో చీరల అడుగునుంచి పసుపుపచ్చబడిన కాగితం తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

"నీది. డెబ్బై ఒకటి నవంబరు పంతొమ్మిది."

సదాశివరావు నోరు తెరిచాడు. "ఇది ఉందా?"

"ఎప్పుడూ ఉంది. పొరపాటు కాదండీ. ఆ రోజు బడికి వెళ్ళింది నేను. రెండు కాగితాలూ నా సంచిలోనే ఉన్నాయి. గుమాస్తా చెయ్యి చాపితే తెలిసే దానిది ఇచ్చాను. హాజరుపట్టీలో దాని తేదీ ఎక్కితే అదీ బడికి వెళ్తుందనుకున్నాను. ఏటా ఒక క్లాసు పైకి వెళ్ళేది. టెన్త్ పాసయింది. డిగ్రీ పాసయింది. మీ అందరికీ పోయిందే గాని, నాకు చదువుకుంటూనే ఉంది."

"ఇరవయ్యేళ్ళు నా తొందరే కొంప ముంచిందని కుమిలిపోయానే!" అన్నాడు సదాశివరావు నీరసంగా.

కమల నిప్పులు కక్కింది. "మరి నేనేమైపోయానమ్మా? నాలుగేళ్ళ పిల్లని ఆరేళ్ళ వాళ్ళ మధ్య కూర్చోబెట్టావు. ఆటలో వెనకే, లెక్కల్లో వెనకే. నాకే బుర్ర లేదనుకుని ఎంత ఏడ్చానో తెలుసా?"

"నువ్వు పుట్టగానే అదే తిరిగొచ్చిందన్నారంతా. నేనూ అన్నాను. అదే నా పాపం. నిన్ను నిన్నుగా ఒక్కరోజైనా చూడలేదే తల్లీ."

కమల తన కాగితం చేత్తో పట్టుకునే ఫోను తీసి ఆఫీసుకు చేసింది. "సర్, నా పేపర్లలో తప్పుంది. ఈసారి నేను వెళ్ళలేను. నా బదులు నవదీప్‌ని పంపించండి," అని హిందీలో చెప్పి పెట్టేసింది.

"ఎంత పని చేశావే! మళ్ళీ వస్తుందా ఇలాంటిది?" సదాశివరావు తల పట్టుకున్నాడు.

"రాకపోతే రాకపోనీ. కోర్టుకీ పాస్‌పోర్టు ఆఫీసుకీ తిరుగుదాం నాన్నా. వెళ్తే నేనుగా వెళ్తాను." గోడకు చేరగిలబడిన తల్లి పక్కన కూర్చుంది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు, అయినా అడిగింది. "అక్క ఎలా ఉండేదమ్మా?"

ఆ ఇంట్లో 'అక్క' అన్న మాట అదే మొదటిసారి వినబడటం. మాణిక్యాంబ చెప్పబోయింది. కళ్ళు మూసుకుంది, తెరిచింది, మళ్ళీ గట్టిగా మూసుకుంది.

"రావడం లేదే," అంది భయంగా. "దాని ముఖం తలుచుకుంటే నీ ముఖమే వస్తోంది. చదివించుకున్నాను, పాస్ చేయించుకున్నాను, ముఖం మాత్రం ఎక్కడ పోగొట్టుకున్నానే!" పాతికేళ్ళలో మొదటిసారి ఆవిడ గొంతెత్తి ఏడ్చింది. కమల ఆమెను గట్టిగా పట్టుకుంది.

సదాశివరావు వచ్చి వాళ్ళ ఎదుట నేల మీదే చతికిలబడ్డాడు. చెంప మీద సబ్బు ఎండి పొలుసులు కట్టింది.

"కుడి చెవి పక్కన పుట్టుమచ్చ ఉండేది," అన్నాడు నెమ్మదిగా. "ఎత్తుకుంటే చాలు, నా జేబులో పెన్ను లాగేసేది. లాక్కుంటే ఏడ్చేది కాదు, మూతి బిగించి కోపంగా చూసేది."

మాణిక్యాంబ వెక్కిళ్ళు ఆపి భర్తవైపు చూసింది. "ఇన్ని గుర్తుండి ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?"

"ఏడుస్తావని."

"ఏడుస్తానులెండి," అంది మాణిక్యాంబ. "చెప్పండి."