రోలర్ కోస్టర్ లైనులో కట్టుడు పళ్ళు

పొద్దున్నే వంటింట్లోంచి గుడ్లు వేగుతున్న వాసన రాగానే అమ్మాయికి సగం చిరాకు అక్కడే మొదలైంది.

"ఇన్ని గుడ్లెందుకు నాన్నా? వెళ్ళేది తలకిందులుగా తిప్పి పారేసే చోటికి."

"అందుకే తినాలి. ఖాళీ కడుపుతో బయల్దేరితే తిప్పుతుంది. మీ అమ్మ ఎప్పుడూ అనేది కాదూ?" అన్నాడు దర్జీ, ఆమె పళ్ళెంలో ఇంకో గుడ్డు వేస్తూ.

ఆ ఇంట్లో అది చట్టం. బస్సెక్కినా, ఆసుపత్రికి వెళ్ళినా కడుపు నిండా తిని కదలాల్సిందే. ఆయన లెక్కలో రోలర్ కోస్టరు కూడా ఒక ప్రయాణమే. బ్రెడ్డు, గుడ్లు, అరటిపండు, పైన గ్లాసుడు పాలు. వాదించే ఓపిక లేక అమ్మాయి అన్నీ మింగింది.

అసలు గొడవ తిండి గురించి కాదు. భార్య పోయిన ఇన్నేళ్ళకు ఆయన ఒకావిడను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. ఆవిడ సిటీ బస్సు కండక్టరు. యూనిఫాం కుట్టించుకోవడానికి ఆయన కొట్టుకొచ్చి పరిచయమైంది. "ఒక్కరోజు ఆవిడతో గడుపు. సాయంత్రం నువ్వు వద్దంటే ఇక ఆ మాటెత్తను" అని కూతురికి మాటిచ్చాడు. ఆ రోజు ఇవాళే. అమ్మాయి మాత్రం జవాబు ముందే సిద్ధం చేసుకుంది.

పార్కు గేటు దగ్గర కండక్టరమ్మ భుజానికి పెద్ద సంచితో నిలబడి ఉంది.

"కండక్టరు గారూ, మూడు టిక్కెట్లు" అన్నాడు దర్జీ.

"చిల్లర ఇవ్వండి, లేకపోతే దిగండి" అంది ఆవిడ. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆయన మీసానికి కొత్తగా రంగేశాడు. ఎండకు ఆ నలుపు చెమటతో కలిసి పై పెదవి మీదికి దిగుతోంది. అమ్మాయికి ఒళ్ళు జలదరించింది.

చిన్న చిన్న రైడ్లు ఎక్కి దిగేసరికే ఆమెకు ఆ చోటంతా రోతగా తోచింది. పట్టుకునే కడ్డీలన్నీ జిగురు. సీటు కింద వేలు పెడితే ఎవరో నమిలి అంటించిన బబుల్‌గమ్. ఎక్కడ చూసినా మాడిన నూనె వాసన. వాటన్నిటి మధ్యా నోరంతా తెరుచుకుని నవ్వుతున్న నాన్న.

అన్నిటికన్నా పెద్ద రోలర్ కోస్టరు దగ్గర లైను మెలికలు తిరిగి ఉంది.

"ముందుకు జరగండి, మధ్యలో ఖాళీ ఉంది" అంది కండక్టరమ్మ అలవాటు కొద్దీ. నిజంగానే అందరూ జరిగారు.

వాళ్ళ వంతు దగ్గర పడుతుండగా దర్జీ పక్కకు తిరిగి నోట్లో వేళ్ళు పెట్టాడు. పై వరస పళ్ళు మొత్తం ఊడి చేతిలోకి వచ్చాయి. తడిగా, గులాబీ రంగు చిగుళ్ళతో సహా. వాటిని కండక్టరమ్మ అరచేతిలో పెట్టాడు. ఆవిడ రుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది.

"దగ్గొచ్చినా జారిపోతాయి. పైనుంచి పడితే ఎవరి నెత్తిన పడతాయో" అంది.

"ఏంటవి?" అంది అమ్మాయి.

"పళ్ళమ్మా. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు పెట్టించుకున్నా."

"నాకు చెప్పలేదు."

"నువ్వు చూస్తే అసహ్యించుకుంటావని..."

"నా దగ్గర దాచి, ఆవిడ చేతిలో పెట్టావు. ఛీ. అసహ్యంగానే ఉంది నాన్నా. ఆ మీసం, ఆ నవ్వులు, ఆ పళ్ళు, అన్నీ. సాయంత్రం దాకా ఎందుకు? ఇప్పుడే చెప్తున్నా. వద్దు."

లైనులో వాళ్ళంతా చూస్తున్నారు. పళ్ళు లేక బుగ్గలు లోపలికి పోయి, ఆయన ఒక్క క్షణంలో ముసలాడైపోయాడు. కండక్టరమ్మే ముందు తేరుకుంది.

"సరే. మన వంతు వచ్చింది. తండ్రీకూతుళ్ళు కలిసి కూర్చోండి. నేను వెనక కూర్చుంటా."

బండి పైకెక్కింది. కిందికి దూకింది. ఆకాశం కాళ్ళ కిందికి వచ్చింది. ఆగేసరికి పొద్దుటి గుడ్లు, అరటిపండు, పాలు అన్నీ అమ్మాయి ఒళ్ళో ఉన్నాయి. సగం నాన్న చొక్కా మీద ఉన్నాయి.

కుళాయి పక్క బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టారు. కండక్టరమ్మ సంచిలోంచి పాత పేపర్లు, ప్లాస్టిక్ కవరు తీసింది. ముక్కు చిట్లించి, మొహం పక్కకు తిప్పుకుని, తనకే ఒకసారి డోకొస్తే ఆపుకుని తుడవసాగింది.

"అబ్బా, కంపు. కదలకమ్మా, జుట్టులోకి పోతుంది."

"మీకు అసహ్యంగా లేదా?"

"ఎందుకుండదు? ఏళ్ళ తరబడి బస్సులో కక్కేవాళ్ళని చూస్తున్నా. ఒక్కరోజూ అలవాటు కాలేదు. ఊపిరి బిగబట్టి తుడుస్తా, అంతే."

"మరి ఆ పళ్ళు?"

"అవి ఇంకా ఘోరం" అంది ఆవిడ, పేపరు మడుస్తూ.

అమ్మాయి తండ్రి వైపు తిరిగింది. "అమ్మ మంచాన పడ్డప్పుడు అన్నీ నువ్వే ఎత్తిపోశావు కదా. ఒక్కసారీ మొహం చిట్లించలేదు."

"నువ్వు ఇంటికొచ్చినప్పుడు చిట్లించలేదు" అన్నాడాయన బోసినోటితో. "పెరట్లోకెళ్ళి డోక్కునేవాణ్ణి. మొహం కడుక్కుని మళ్ళీ లోపలికెళ్ళేవాణ్ణి. మీ అమ్మకి తెలుసు. వెళ్ళి కాస్త గాలి పీల్చుకుని రా అని తనే పంపేది."

"ఇది ఈవిడకి చెప్పావా?"

"లేదు. ఎవరికీ చెప్పలేదు. నీకే."

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ గదిలో ఎప్పుడూ సబ్బు వాసనే ఉండేది. నాన్నకు అమ్మంటే అంత ప్రేమ కాబట్టి అసహ్యం అనేదే తెలియదనుకుంది ఇన్నాళ్ళూ. తెలిసీ, బయటికెళ్ళీ, మళ్ళీ లోపలికి వచ్చాడన్నమాట.

"అమ్మా, నువ్వు వద్దన్నావు కదా. నాకు గుర్తుంది" అన్నాడు దర్జీ మెల్లగా. "ఇక ఆ ఊసు ఎత్తను."

"ముందు ఇంటికెళ్ళి స్నానాలు చేద్దాం. ముగ్గురం కంపు కొడుతున్నాం" అంది అమ్మాయి, ముక్కు ఎగబీల్చుకుంటూ. "తర్వాత పెళ్ళి తేదీ సంగతి చూద్దాం."

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఈలోగా అమ్మాయి కండక్టరమ్మ చేతిలోంచి ఒక పేపరు అందుకుంది. ఊపిరి బిగబట్టి, మొహం పక్కకు తిప్పుకుని, ఏడుస్తూనే నాన్న చొక్కా తుడవడం మొదలుపెట్టింది.